ముడిపడ్డ దెబ్బలు

భీమిలి కొండ మీది ల్యాబులో ఈ ఉదయం ఎవరిని కొట్టినా దెబ్బ ఇంకొకరికి తగులుతోంది. అక్కడి శాస్త్రవేత్త ప్రసూన ఆశ్చర్యపడదు. ఐదు దేశాలు కలిసి కట్టిన క్వాంటం కంప్యూటర్ లోపల కణాలు జంటలుగా ముడిపడి ఉంటాయి. ఆ ముడి బయటికి పాకి మనుషుల్ని పట్టుకుంది, అంతే.

యంత్రం సిద్ధమైంది. మొదటి లెక్క ఎవరిదో తేలలేదు. మన్యం పిల్లల్ని ఎత్తుకుపోతున్న జ్వరానికి మందు వెతకాలంటుంది ప్రసూన. ఫిన్లాండు నుంచి వచ్చిన ఐనో తన కూతురి ఎముకల్లోని రోగమే ముందంటాడు. ఇద్దరూ ఒకే కంచంలో తిన్నంత స్నేహితులు.

ప్రసూన పక్షాన ఇంజనీరు సింహాద్రి ఉండబట్టలేక, పెద్ద పానాతో ఐనో దవడ మీద కొడతాడు. ఐనో కదలడు. ప్రసూన నోట్లోంచి రెండు పళ్ళు రాలతాయి.

"ఆయన్ని కదా మేడమ్ కొట్టీసినాను," అంటాడు సింహాద్రి. "మీకెలా తగిలీసింది?"

"మా ఇద్దరిదీ ఒక జంట," అంటుంది ఆమె నెత్తురు తుడుచుకుంటూ.

తక్కిన దేశాలవాళ్ళూ తమ లెక్కే ముందంటూ కలబడతారు. ఒకరి పీక నొక్కితే గది అవతల ఇంకొకరి ముఖం నల్లబడుతుంది. ఆ సందులో ఐనో సుత్తి అందుకుని, బంగారు షాండ్లియర్‌లా వేలాడుతున్న యంత్రం వైపు నడుస్తాడు. తనకు దక్కనిది ఎవరికీ వద్దంటాడు.

అతన్ని అందుకునేంత దగ్గరలో లేదు ప్రసూన. తన కుడిచేతిని గుమ్మంలో పెట్టి ఇనుప తలుపు మూస్తుంది. ఆమెకు గాలి సోకినట్టయినా ఉండదు. ఐనో కుడిచెయ్యి ఫెళ్ళున విరుగుతుంది. అతను సుత్తిని ఎడమచేతికి మార్చుకుంటాడు. ఆమె ఎడమచెయ్యి పెడుతుంది. సుత్తి జారిపోయాక అతను తలతోనే యంత్రాన్ని పొడవడానికి వంగుతాడు.

ప్రసూన గుమ్మంలో మెడ ఆనిస్తుంది.

ఐనో వెనక్కి తిరిగి చూస్తాడు. "నీకు నొప్పి లేదు కదా?" అని అడుగుతాడు, ఆమె దగ్గర నేర్చుకున్న తెలుగులో.

"లేదు," అంటుందామె. అది నిజం. కళ్ళు మూసుకుని తలుపు లాగుతుంది.

అతని మెడలోంచి నెత్తురు రాదు. మంచు వస్తుంది. ధారగా, మోకాళ్ళ లోతున గది నిండుతుంది. కొట్టుకుంటున్నవాళ్ళు చేతులు దించి పక్కకు జరుగుతారు. యంత్రం కొక్కేల నుంచి తనంతట తానే దిగి, మంచులో పడుకుని, ఈనుతుంది. పుట్టిన తడిపిల్ల వణికే కాళ్ళ మీద లేచి పొదుగు కోసం తడుముకుంటుంది. ప్రసూన పది వేళ్ళ నుంచీ పాలు కారడం మొదలవుతుంది. ఆమె మోకరిల్లి చేతులు చాపుతుంది. పిల్ల నోరు తెరుస్తుంది. లోపల పళ్ళకు బదులు వరుసగా చిన్న చిన్న మనుషులు నిలబడి, మొదటి వంతు కోసం ఆకలిగా, ఆమెనే చూస్తున్నారు.