పడినవాళ్ల పుస్తకం

కల్పలతకు మేబెల్ సిస్టర్ అంటే చేరిన రోజు నుంచీ ఒళ్లుమంట. సికింద్రాబాద్‌లోని ఆ ఆసుపత్రిలో మూడో వార్డు ఇన్‌చార్జి ఆవిడే. ఇరవై రెండేళ్ల సర్వీసు. పేషెంట్లు మంచం మీంచో, బాత్రూంలో జారో పడితే కంప్యూటర్ ఫారం నింపమంటే వినదు. ప్రతి వార్డుకూ ఇచ్చిన ఎర్ర అట్ట పుస్తకంలో చేత్తోనే రాస్తుంది, అదీ కోడి గెలికినట్టు. తేదీ ఉండాల్సిన చోట ఒక్కోసారి ‘మొన్న మంగళవారం’ అని ఉంటుంది. డేటా అనలిస్టునన్న పేరే గానీ, ఆ గీతలు చదివి ఎక్కించేసరికి కల్పలతకు రోజూ యాప్రాల్ బస్సు తప్పిపోయేది. అడిగితే, మాకు మనుషుల్ని లేపుడే సరిపోతున్నది, నీ ఫారంల డబ్బాలు నువ్వే నింపుకో అని వార్డంతా వినేలా అంది.

అందుకే క్వాలిటీ మేనేజర్ తాతారావు వార్డులవారీగా పడినవాళ్ల లెక్క తీసే పని అప్పగించినప్పుడు కల్పలత హుషారుగానే కూర్చుంది. వచ్చే నెలలో తనిఖీవాళ్లు వస్తున్నారు. ఆమె దగ్గరున్నది ఉత్త జాబితా: ఎవరైనా పడితే ఒక వరుస, లేకపోతే ఏమీ లేదు. తాతారావుకు కావలసింది వేరు. ఆరు వార్డులు, ఇరవై నాలుగు నెలలు. ఎవరూ పడకపోయినా సరే, ప్రతి వార్డుకూ ప్రతి నెలకూ ఒక వరుస ఉండాలి. స్టాటిస్టిక్స్ ప్రోగ్రాంలో నాలుగు లైన్లు రాసింది. నూట నలభై నాలుగు వరుసలు వచ్చాయి, అందులో నూటికి పైగా ఖాళీలే. ఇంకో లైను రాసి ఖాళీలన్నిట్లో సున్నా నింపేసింది. దానికి అర నిమిషం కూడా పట్టలేదు.

మూడో వార్డులో నలభై ఒక్కరు పడ్డారు. మిగతా అయిదు వార్డులూ కలిపి అయిదుగురు. కల్పలతకు సంతోషమే వేసింది, అబద్ధమెందుకు.

మీటింగులో తాతారావు ఆ పట్టికను గోడ మీద వేసి, ఒకటో తారీకు నుంచి మేబెల్ ఇన్‌చార్జి కాదని, ఓపీ కౌంటర్‌కు వెళ్లాలని చెప్పాడు. మేబెల్ అతని వైపు చూడనేలేదు.

"అయిదో వార్డు పుస్తకం చూసినవా?" అని కల్పలతను అడిగింది.

"అక్కడి నుంచి ఏదీ రాలేదండీ. రాలేదంటే ఎవరూ పడలేదనే కదా."

"రాయకుంటే పడనట్టేనా? మంచిగుంది నీ చదువు."

అందరి ముందూ అంత మాట అంటుందా! ఆ మాట తప్పని తేల్చడానికే కల్పలత మధ్యాహ్నం అయిదో వార్డుకు వెళ్లింది. ఆయా భవాని అల్మారా అడుగు నుంచి పుస్తకం తీసిచ్చింది. రెండేళ్లయినా దాని ప్లాస్టిక్ కవరు చింపలేదు. మొన్ననే ఒక ముసలాయన బాత్రూం ముందర పడ్డాడని, తుంటి ఎముక విరిగిందని భవాని మామూలుగా చెప్పుకుపోయింది.

"రాస్తే మా మీదికే వస్తది మేడమ్. మేబెల్ అక్కను చూస్తలేమా?"

కల్పలతకు తన మీద తనకే అసహ్యం వేసింది. పడినవాళ్లను లెక్కపెట్టాననుకుంది. లెక్కపెట్టింది రాసినవాళ్లను. సున్నా లైను తీసేసి, ఖాళీలను ఖాళీలుగానే ఉంచి, కొత్త పట్టిక తాతారావు ముందు పెట్టింది.

ఆయన విసుక్కున్నాడు. ఇన్ని చిల్లులున్న కాగితం తనిఖీవాళ్లకు ఎలా చూపిస్తారట? సున్నాలు పెట్టమన్నాడు.

"అయితే నా పేరు తీసెయ్యండి సార్."

"ఎలా తీస్తానమ్మా? చేసింది నువ్వేగా. ఆవిడ బదిలీ ఆర్డరుకి కూడా నీ పట్టికే జతచేశాం."

కల్పలత రెండు రోజులు మొండికేసింది. మూడో రోజు ఆ లైను మళ్లీ పెట్టింది. ఉద్యోగం కావాలి కదా.

నెలాఖరున మేబెల్ తనే వచ్చి ఎర్ర అట్ట పుస్తకాన్ని ఆమె బల్ల మీద పడేసింది. ఆ నెల పేజీ తెల్లగా ఉంది. కానీ ఆ పొద్దునే ఎక్స్‌రే గది ముందు, చేతికి కొత్త కట్టుతో చక్రాల కుర్చీలో కూర్చున్న మూడో వార్డు కమలాబాయిని కల్పలత కళ్లారా చూసింది.

"కమలాబాయి గారు ఎలా పడ్డారు సిస్టర్?" గొంతు తగ్గించి అడిగింది.

"పడ్డదని ఏడ రాసి ఉన్నది?" అంది మేబెల్. "ఖాళీ ఉంటే ఏం పెట్టాల్నో నీకు ఎరికే గద. పెట్టుకో."

కల్పలత ప్రోగ్రాం నడిపింది. ఆరు వార్డులకూ ఆరు సున్నాలు వచ్చాయి. సాయంత్రం తాతారావు ఆసుపత్రిలో అందరికీ మెయిల్ పెట్టాడు: ఈ నెల ఒక్క పేషెంటు కూడా పడలేదు, ఇందుకు కారణమైన కల్పలతకు ప్రత్యేక అభినందనలు.