దర్జీ బాబాయ్ తాబేలు

మా కింది గదిలో దర్జీ బాబాయ్ ఒక తాబేలును పెంచేవాడు. ఆయన వరసకు బాబాయ్ కాదు, పదేళ్లుగా ఒకే మెట్లు ఎక్కి దిగడం వల్ల అయిన బాబాయ్. తాబేలు పేరు గుండీ. అరచెయ్యి కంటే కాస్త పెద్దది. డిప్ప మీద పసుపు గీతలు, అంచున చిన్న రంధ్రం. ఆ రంధ్రంలోంచి వచ్చిన ఎర్ర నూలు తాడు కుట్టుమిషన్ కాలికి ముడిపడి ఉండేది. రంధ్రం తాను పెట్టింది కాదనీ, బజారులో అమ్మినవాడే పెట్టాడనీ బాబాయ్ ఎవరూ అడక్కుండానే చెప్పేవాడు. తాడు పొడవు రెండు గజాలు. ఆ రెండు గజాల మేరలోనే గుండీ ఏడేళ్లు తిరిగింది.

నేను పుస్తకాలు బైండింగు చేసేవాణ్ణి. నా చదువు ఎనిమిదో తరగతితో సరి. పొద్దున స్నానం చేసి, దీపం పెట్టుకుని, నాలుగు పేజీలు చదువుకున్నాకే పనికి వెళ్తాను. నా పూజ అలమరలో ఒక పటం ఉంది. పాలసముద్రం మధ్య తాబేలు రూపంలో స్వామి వీపు మీద కొండను మోస్తుంటాడు. రోజూ ఆ పటానికి దణ్ణం పెట్టి కిందికి దిగేసరికి మిషన్ కాలికి కట్టేసిన గుండీ కనబడేది. పైన మొక్కి, కింద చూడనట్టు పోవడం ఏం భక్తి అని మనసు గుచ్చేది.

ఒకసారి అనేశాను. "బాబాయ్, దాన్ని వదిలెయ్యకూడదూ?"

"ఎక్కడ వదలమంటావు, నీ అలమరలోనా?" అన్నాడు పెదవుల మధ్య గుండుసూదులతోనే. "తాడు విప్పితే తిన్నగా మిషన్ కింద దూరుతుంది. నేను తొక్కానంటే నుజ్జే."

ఆదివారాలు బాబాయ్ రేకు పళ్లెంలో అంగుళం నీళ్లు పోసి గుండీని అందులో పెట్టేవాడు. అది మెడ సాచి తల ముంచి తాగేది. కాసేపయ్యాక ముందుకాళ్లతో పళ్లెం అంచును గీకేది. ఈ నీళ్లు చాలక గీకుతోందని అనుకునేవాణ్ణి. బయటికి రావడానికి గీకుతోందేమో అన్న ఆలోచన నాకు ఒక్క ఆదివారం కూడా రాలేదు.

బుధవారం పొద్దున బాబాయ్ జిప్పులూ కాలరు గుడ్డా తెచ్చుకోవడానికి పెద్ద బజారుకు వెళ్లేవాడు. వెళ్తూ తాళంచెవి నా చేతిలో పెట్టేవాడు. "కాస్త దోసకాయ ముక్క వేసి రా. మావాడు ఆకలికి ఆగలేడు." ఆ బుధవారం నేను దోసకాయ ముక్కతో పాటు బైండింగు కత్తి కూడా పట్టుకెళ్లాను.

ఒక్క కోతకు తాడు తెగింది. గుండీని గుడ్డసంచిలో పెట్టుకుని పార్కు వెనక ఉన్న చెరువుకు నడిచాను. రాతిగట్టు మీద కూర్చుని, స్వామిని తలుచుకుని, నీళ్లలో వదిలాను. అది నాలుగుసార్లు కాళ్లాడించి తిన్నగా కిందికి వెళ్లిపోయింది. సొంతింటికి చేరిందని నా కళ్లు చెమ్మగిల్లాయి.

ఇంటికొచ్చి బాబాయ్‌తో అబద్ధమాడాను. "తలుపు వెయ్యడం మరిచిపోయాను బాబాయ్. తాడు కొరుక్కుని వెళ్లిపోయినట్టుంది."

ఆయన వంగి తాడు కొసను తీసుకుని, వేళ్ల మధ్య కాసేపు నలిపి చూసి, జేబులో వేసుకున్నాడు. "పోనీలే" అన్నాడు.

ఆ మర్నాటి నుంచి రోజూ సాయంత్రం వీధి చివరిదాకా వెళ్లి, గోడల వారన గడ్డిని కర్రతో పక్కకు తీసి చూసేవాడు. గుమ్మంలో దోసకాయ ముక్క పెట్టి తలుపు తెరిచి ఉంచేవాడు. మూడో వారం వచ్చేసరికి నాకు ముద్ద దిగడం మానేసింది.

"ఏమిటండీ, తాబేలు పోయిన దగ్గర్నుంచి మీరూ డిప్పలోకి ముడుచుకున్నారు?" అంది మా ఆవిడ.

చెప్పాను. ఆవిడ మడత పెడుతున్న బట్టలు ఒళ్లో పెట్టుకుని విన్నది.

"పుణ్యమే చేశారనుకుందాం. మరి ఆ మాట ఆయనతో చెప్పడానికి నోరెందుకు రావట్లేదు?"

"దేవుణ్ణి అడిగే చేశాను."

"దేవుణ్ణి అడిగారు సరే. బాబాయ్‌గారు కిందే ఉన్నారుగా. పద్నాలుగు మెట్లు."

దిగాను. బాబాయ్ కాలరు కుడుతున్నాడు.

"బాబాయ్, గుండీని నేనే..."

"తెలుసులే" అన్నాడు మిషన్ ఆపకుండానే. "కొరికితే కొస పీచు లేస్తుంది. కత్తెరైతే పోగులు నలుగుతాయి. అది కత్తి కోత. ఈ మెట్ల మీద కత్తితో తిరిగేవాడివి నువ్వొక్కడివే. నలభై ఏళ్లు దారం కొసలు చూసినవాణ్ణి, ఆమాత్రం తెలీదూ?"

"మరి వీధంతా ఎందుకు వెతికావు?"

"నీ పిరికితనం నాకు తెలీదా? ఎంతో దూరం పోయుండవనుకున్నాను." కాస్త నవ్వాడు. "ఎక్కడ వదిలావో చెప్పు. తెచ్చి మళ్లీ కట్టనులే. మేత ఉందా, ఎండ తగులుతుందా, చూసొస్తాను."

"చెరువులో వదిలాను."

మిషన్ ఆగింది. "గట్టు మీదా?"

"నీళ్లలో."

ఆయన కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టాడు. "అది నేల తాబేలు అబ్బాయ్. దానికి ఈత రాదు."

ఇద్దరం చెరువుకు వెళ్లాం. నేను కూర్చున్న చోటు చూపించాను. బాబాయ్ గట్టు వెంట మోకాళ్ల మీద వంగి, ఎక్కడైనా వాలు ఉందేమోనని రాళ్లను తడుముకుంటూ పోయాడు. చుట్టూ నిటారుగా పేర్చిన రాయే. చివరికి మెడలోని టేపు తీసి నీటిదాకా దించి చూశాడు.

"తొమ్మిది అంగుళాలు" అన్నాడు. "ఇంత ఎత్తు అది ఎక్కలేదు."

నేను ఏడుస్తున్నానని ఆయన చెయ్యి నా భుజం మీద పడ్డాకే తెలిసింది. "కట్టింది నేను. ఏడేళ్లూ రేపు విప్పుదాం, మంచి చోటు చూసి విప్పుదాం అనుకుంటూనే ఉన్నాను. నేను విప్పి ఉంటే నీకు కొయ్యాల్సిన పని ఉండేది కాదు."

దాన్ని కట్టి ఉంచడం తప్పని ఇప్పటికీ అనుకుంటాను. కానీ విడిపించడానికి వెళ్లినవాణ్ణి, అది ఏం తింటుందో, ఎక్కడ బతుకుతుందో ఏడేళ్లు దగ్గరుండి చూసిన మనిషిని ఒక్క మాట అడగలేదు. అడిగితే వద్దంటాడని భయం. దేవుణ్ణి అడిగానన్నాను. పటంలో తాబేలు నీళ్లలో ఉంది కాబట్టి జవాబు వచ్చేసిందనుకున్నాను. నా మాటే నాకు తిరిగి వినిపించిందా? పొద్దున దణ్ణం పెట్టేటప్పుడు ఇదే అడుగుతుంటాను.

బాబాయ్ ఇప్పటికీ నాతో బాగానే ఉంటాడు. నా చొక్కాలు ఆయనే కుడతాడు, పొట్ట పెరిగిందని వెక్కిరిస్తాడు. బుధవారం పొద్దున మాత్రం తలుపుకు తాళం వేసి, గట్టిగా లాగి చూసి, తాళంచెవి తన జేబులోనే వేసుకుంటాడు. "వెళ్లొస్తానబ్బాయ్" అంటాడు. నేను మెట్ల మీద నిలబడి "మంచిది బాబాయ్" అంటాను.