పందికి సరిపడే మందు

మా మక్కజొన్న చేను సగం అడవిపందుల పాలైంది. మిగిలిన సగమైనా దక్కాలంటే వేటగాణ్ణి పిలవడమే లాభమని లెక్కేసి, పందులను కొట్టే అనుమతి ఉన్న బాలమల్లును లక్సెట్టిపేట నుంచి రప్పించాను. అతనిది గొట్టం మూతి నుంచి మందు కూరే పాత భర్మారు తుపాకి. అదే అతని బతుకుదెరువు.

ముందు మందు కొలత తేల్చాలన్నాడు. చేను గట్టున పాత తలుపు నిలబెట్టి, తక్కువ మందుతో పేల్చాడు. సీసపు గుండ్లు చెక్క పైపైనే ఆగిపోయాయి.

"గీ దెబ్బకు పంది సావది. మర్లి నా మీదికే వస్తది," అన్నాడు.

కొద్దికొద్దిగా పెంచుతూ పోయాడు. చివరికి గుండ్లు చెక్కను దాటాయి.

"గంతే. ఇంక చిటికెడు ఎక్కువైనా గీ ముసలి గొట్టం ఓర్వది."

అదే కొలతతో ఇంకోసారి చూద్దామని, మందు పోసే పని మా తమ్ముడు ఓంప్రకాశ్‌కు అప్పగించి, తలుపు సరిచేసి వచ్చాడు. తమ్ముడు మా కిరాణా దుకాణం నడుపుతాడు.

ఈసారి పేల్చగానే గొట్టమే చీలింది. బాలమల్లు ఎడమచేతి వేళ్లు మూడు తెగిపోయాయి.

నేను తువ్వాలతో కట్టు కడుతుంటే అతను తమ్ముడి వైపు చూశాడు.

"ఎంత పోసినవ్ సావుకారీ?"

"నువ్ జెప్పినంతనే మల్లన్నా. మీదికెల్లి జర కొసరేసిన."

"కొసరా?"

"దుకాణంల అందరికీ ఏస్తం గదనే. నీకు తక్కువ గావద్దని..."

"మస్తు ధర్మం జేసినవ్. ఇగ పందిని నువ్వే కొట్టుకో," అన్నాడు బాలమల్లు.