చూపు కొలత

ఆ పెద్ద బట్టల షాపులో కొలతలు తీసే ఉద్యోగానికి ఆ రోజు పరీక్ష. నెగ్గితే నెల జీతం, అద్దం ముందు చోటు. లేకపోతే వెనక గదిలో గుండీలు కుట్టే బల్ల, రోజుకూలి. పేట చివర ఇళ్ళనుంచి వచ్చి కుట్టు శిక్షణ పూర్తిచేసిన ఆడపిల్లలందరూ చివరికి ఆ బల్ల దగ్గరే తేలారు. దర్జీ కూతురు మాత్రం అద్దం దగ్గరే నిలబడతానని పంతం పట్టి వచ్చింది.

జాకెట్టు కుట్టించుకోవడానికి మొదట వచ్చింది ఒక టీచరు. దర్జీ కూతురు ఆవిడను ఎగాదిగా చూసి భుజం పద్నాలుగు, ఛాతీ ముప్పై ఆరు, చెయ్యి పది అని కొలతల పుస్తకంలో చకచకా రాసేసింది. మెడలో వేసుకున్న టేపు మెడలోనే ఉండిపోయింది.

షాపు యజమానురాలు పుస్తకం లాక్కుని, ఇదేమన్నా సోదె చెప్పడమా అని వెటకారమాడి, తనే కొలిచి చూసింది. భుజం పద్నాలుగు. ఛాతీ ముప్పై ఆరు. చెయ్యి కూడా సరిగ్గా పదే.

తను చేసిన పొరపాటేమిటో దర్జీ కూతురికి అప్పటికిగాని తట్టలేదు. పేట చివరి ఆ ఇళ్ళ కులంవాళ్ళ చెయ్యి తగిలితే మైల అని, కుట్టించుకునేవాళ్ళు గడప లోపల నిలబడితే, వాళ్ళమ్మ మెట్టు కింద నిలబడి కంటితోనే కొలిచేది. పక్కన నిలబడి కూతురూ నేర్చుకుంది. శిక్షణలో ఆరు నెలలు టేపు పట్టినా, తెలియని మనిషి ఎదురుపడగానే చెయ్యి దానంతటదే ఆగిపోయింది. సిగ్గుతో చెవులు వేడెక్కాయి.

యజమానురాలు ఆమెను పక్కకు పిలిచి గొంతు తగ్గించింది. తెర వెనక నిలబడి చూసి కొలతలు చెబితే చాలట. బయట ఇంకో అమ్మాయి టేపు పట్టుకుని నిలబడుతుందట. జీతం ఆ అమ్మాయికన్నా ఎక్కువే ఇస్తుందట.

"నాకు పట్టింపుల్లేవమ్మా. వచ్చేవాళ్ళలో నీ పేట తెలిసినవాళ్ళుంటారు, అదీ సంగతి."

ఆ జీతంతో ఇంట్లో ఎన్ని గట్టెక్కుతాయో దర్జీ కూతురికి తెలుసు.

"మా అమ్మకి ఈ విద్య సరదాకి అబ్బలేదు మేడమ్. ముట్టుకోనివ్వకపోతే అబ్బింది. తెర చాటున నిలబడి దాన్ని అమ్ముకోను."

"అయితే వెనక బల్ల ఉంది, వెళ్ళు."

"నా పరీక్ష ఇంకా అవలేదు."

వెనక్కి వచ్చి మెడలో టేపు తీసింది. టీచరు ఎదురుగా నిలబడి, తనవి పేట చివరి ఇళ్ళని, పట్టింపు ఉంటే ఇప్పుడే చెప్పమని నెమ్మదిగా అంది. షాపంతా వినబడింది. టీచరు యజమానురాలి వంక చూసింది, గడియారం వంక చూసింది.

"తొందరగా కానీ తల్లీ, బడికి టైమవుతోంది," అంటూ చేతులెత్తింది.

దర్జీ కూతురు టేపు కొసను ఒక భుజం మీద ఆనించింది. రెండో భుజం దాకా లాగి వేలితో నొక్కి పట్టింది. తొందరపడలేదు. భుజం, ఛాతీ, నడుము, చెయ్యి, అన్నీ తాకి కొలిచింది.

పుస్తకం ఇంకా యజమానురాలి చేతిలోనే ఉంది.

"భుజం పద్నాలుగు," అంది దర్జీ కూతురు, తల తిప్పకుండానే. "రాసుకోండి మేడమ్."

యజమానురాలు పెన్ను కోసం వెతుక్కుంది.