తాళాల షాపు ముందు నీడలు

తాళాలు బాగుచేసే ఆయన రోజూ షాపు తెరిచి, భార్యను స్టూలు మీద కూర్చోబెట్టి, ఎండ ఎటు పడుతోందో చూసుకునేవాడు. బిచ్చగాళ్ళ సంగతి తేల్చడానికి ఎండ కావాలి. నిజంగా అవసరమున్నవాళ్ళ నీడ చెయ్యి చాపుతుంది. దొంగ ఏడుపులవాళ్ళ నీడ చేతులు వెనక్కి కట్టుకుని నిలబడుతుంది. వీధిలో అందరికీ తెలిసిన విషయమే, వంగి చూసే ఓపిక మాత్రం ఈయనకే ఉంది.

నీడ చెయ్యి చాపితే, అది ముడుచుకునేదాకా ఇచ్చి పంపేవాడు. అదొక గొప్ప ఆయనకి. చాపకపోతే "చెయ్యి ఖాళీ లేదు, ముందుకెళ్ళు" అని అక్కడితో ఊరుకునేవాడు కాదు. నలుగుర్నీ పిలిచి, నీడను చూపించి, వచ్చినవాళ్ళ ఏడు తరాలనూ కడిగేసేవాడు. మనుషుల్ని నమ్మితే నట్టేట మునగడమేనని ఆయన సిద్ధాంతం. అందుకే షాపు గోడ నిండా తాళంచెవులున్నా ఇంటిది ఒక్కటే, అదీ ఆయన మొలలోనే. నాకూ ఒకటి చేసివ్వండని భార్య పెళ్ళయిన కొత్తలో అడిగింది. చూద్దాంలే అన్నాడు. ఇంకా చూస్తూనే ఉన్నాడు.

ఆ రోజు ఒకావిడ కుంటుకుంటూ వచ్చి చెయ్యి చాపింది. ఆవిడ నీడేమో నిటారుగా, చేతులు వెనక్కి కట్టుకుని ఉంది. అంతకంటే ఏం కావాలి ఆయనకి, గొంతు చించుకుని జనాన్ని పోగేశాడు. ఆవిడ తిట్లన్నీ తీరిగ్గా విని, స్టూలు పక్కన నేల చూపించింది.

"నా సంగతి సరేలే అయ్యా. ఆ చెయ్యి ఎవరిది?"

భార్య చేతులు ఒళ్ళో పెట్టుకునే కూర్చుంది. ఆమె నీడ మాత్రం చెయ్యి చాపి ఉంది.

జనం కిసుక్కున నవ్వారు. పరువు పోతుందని ఆయన ఆ నీడ చేతిలో రొట్టె పెట్టాడు. ముడుచుకోలేదు. నోటు పెట్టాడు. ముడుచుకోలేదు. ఏం కావాలో ఆయనకి ముందే తెలుసు, ఒళ్ళు మండిపోతోంది. చివరికి పళ్ళు కొరుకుతూ మొలలోంచి తాళంచెవి తీసి విసిరాడు. నీడ గుప్పెట మూసింది. భార్య వంగి తాళంచెవి తీసుకుని ఇంటికి నడిచింది.

సాయంత్రం ఆయన వెళ్ళేసరికి లోపల గడియ వేసి ఉంది. తలుపు బాదాడు, నోటికొచ్చినట్టు తిట్టాడు. ఇరుగుపొరుగు తొంగి చూసేసరికి గొంతు మెత్తబరిచాడు.

"తప్పయిపోయిందే. తలుపు తియ్యి. ఆ తాళంచెవి ఇక నీదే."

తియ్యగానే లాక్కుందామని ముందే అనుకున్నాడు.

భార్య కిటికీ తెరిచింది. ఆయన ముఖం చూడలేదు. వాలుటెండలో మెట్ల మీద పడ్డ ఆయన నీడను చూసింది. అది చేతులు వెనక్కి కట్టుకుని నిలబడి ఉంది.

"చెయ్యి ఖాళీ లేదండీ," అంది. "ముందుకెళ్ళండి."