అరవైలో ఆగిన ముల్లు

నేను ఒక రెండు సీట్ల ఎర్ర స్పోర్ట్స్ కారు స్పీడోమీటరు ముఖాన్ని. ముల్లు వెనక అంకెలు మోసే నల్ల బిళ్లని. ఫ్యాక్టరీలో నాకు నేర్పింది ఒక్కటే: ఆగితే సున్నా చూపించు, కదిలితే ఉన్నది చూపించు. మనుషులకు ఆ మాత్రం కూడా ఎవరూ నేర్పినట్టు లేదు.

మొదటి ఓనరు ఒక డాక్టరు. నన్ను చూసి నడిపేవాడు. రెండో ఆయన భీమవరం రొయ్యల చెరువుల ఆసామి వరాహమూర్తి. అద్దంలో తన మీసం చూసుకుని నడిపేవాడు. బండి వేగం కంటే ఆయన వాగుడెక్కువ. ఆ వాగుడులోనే బావమరిది భాస్కరంతో పందెం కాశాడు: బండి రెండు వందలు అందుకోకపోతే మీసం తీసేస్తానని! నూట నలభైకే దానికి ఆయాసమని నాకు తెలుసు. నా మీద నూట ఎనభై దాకానే ఉందని నేరం నాకు అంటగట్టి, మూడు వందల ఇరవై దాకా ఉన్న తెల్ల ముఖం తెప్పించాడు. ముఖం మారిస్తే బండి మారుతుందట! అలాగైతే ముందు ఎవరి ముఖం మార్చాలో నన్నడిగితే చెప్పేదాన్ని.

ఆ పనికి ముహూర్తం కూడా పెట్టించాడు. మెకానిక్ జిలానీ ముల్లు పీకి, నన్ను విప్పి, తెల్లదాన్ని బిగించేసరికి ముహూర్తం దాటిపోయేలా ఉంది.

"తొందరగా ముల్లు పెట్టవయ్యా!"

జిలానీ నొక్కేశాడు. తాళం తిప్పితే, నిలబడ్డ బండిలో ముల్లు అరవై మీద కూర్చుంది.

"సున్నా తప్పిందండి. పీకి మళ్లీ పెడతాను."

"ముహూర్తంలో పెట్టింది పీకుతావా? అరవై కలిసొచ్చిందనుకో!"

నన్ను సీటు కిందికి తోసేశారు. మర్నాడు బైపాస్ మీద, పక్క సీట్లో భాస్కరం బెల్టు వెతుక్కునేలోపే బండి దూకింది. నూట నలభైకి వణికింది. పైన ముల్లు మాత్రం రెండు వందలంది.

"చూసుకో!" అంటూ వరాహమూర్తి బండి ఆపి మీసం మెలేశాడు. మీసం కోసం మోసం, అదీ పంచాంగం సాక్షిగా!

భాస్కరం ముందుకు వంగాడు. "బావగారూ, బండి ఆగిందాండి?"

"ఆగింది కదయ్యా."

"మరిదేంటండి, ఇంకా అరవైలో పోతంది? మనల్నిక్కడ దింపేసి వెళ్లిపోయిందాండి?"

ఆ సాయంత్రం వరాహమూర్తి మూతికి చేతిరుమాలు అడ్డం పెట్టుకుని షెడ్డుకొచ్చాడు. నన్ను సీటు కింద నుంచి లాగి, చొక్కా అంచుతో తుడిచి, "ఇదే పెట్టెయ్," అన్నాడు.

"మంచి రోజు చూసుకొచ్చారాండి?" జిలానీ మర్యాదగానే అడిగాడు.

మళ్లీ నా చోట నేనున్నాను. బండి ఆగినప్పుడల్లా సున్నా చూపిస్తాను. ఆయన నన్ను చూసి పై పెదవి తడుముకుంటాడు. ప్రస్తుతం ఆ చెరువుల దగ్గర మీసాలున్నది రొయ్యలకే.