తుంగచాపల అడ్రసులో ఎవరున్నారు?

నేను ఒక వడ్డీల కంపెనీనట. పైకి తుంగచాపల పేరు పెట్టుకుని, లోపల ఆడవాళ్ల ఆధార్ కార్డులు పోగేస్తున్నానట. ఈ మాట నా మొహం మీద ఎవరూ అనలేదు. చాపలు నేసే మరిడమ్మ పక్కింటి బుల్లెమ్మ పాలకేంద్రం దగ్గర అందట. అక్కడ విన్న ఆవిడ కిరాణా కొట్లో చెప్పిందట. మధ్యాహ్నం అయ్యేసరికి ఊరంతా తిరిగి మళ్లీ మరిడమ్మ గుమ్మంలోకే వచ్చింది. “నేనన్నానని ఎక్కడా అనకండే. పేపర్లో వేశారు. పేపరోళ్లు ఊరికే వేస్తారా?” అని కూడా కొసకి తగిలించిందట బుల్లెమ్మ.

నిజానికి నేను ఒక అడ్రసుని. ఇంటర్నెట్టులో ఒక పేరుని. నాకు గోడల్లేవు, గుమ్మం లేదు. ఫోనులో నా పేరు కొడితే ఒక పేజీ తెరుచుకుంటుంది, అంతే. నన్ను తెరిచిన ప్రతి ఫోనూ నాకొక కిటికీ. అందులోంచి చూసినదీ విన్నదీ మీకు చెబుతున్నాను. నమ్మడం నమ్మకపోవడం మీ ఇష్టం. నన్ను ఇప్పటిదాకా నమ్మినవాళ్లంతా తప్పుగానే నమ్మారు.

తుమ్మలమడుగు అనే ఊళ్లో నలభై రెండు మంది ఆడవాళ్లు తుంగచాపలు నేస్తారు. ఊరి పక్క మడుగులో పెరిగే తుంగని కోసి, చీల్చి, ఎండబెట్టి, మళ్లీ నానబెట్టి, జనపనార పురితో మగ్గం మీద నేస్తారు. వాళ్ల సంఘానికి పెద్ద మరిడమ్మ. ఏడో తరగతి దాకా చదివింది. అక్షరాన్ని వేలితో తడుముతూ చదువుతుంది గానీ, చదివినదాన్ని మరిచిపోదు. టౌనులో నెట్ సెంటర్ నడిపే మస్తాన్ ఒకరోజు చాప కొనుక్కోవడానికి వచ్చి, “పిన్నిగారూ, మీ సంఘానికో వెబ్‌సైటు ఉండాలండి” అన్నాడు. అలా పుట్టాను నేను.

పుట్టినప్పుడు బాగానే ఉండేవాణ్ని. ఎర్ర అంచు చాప, ఆకుపచ్చ గళ్ల చాప, వాటి పక్కన కొత్త చీర కట్టుకుని బిగుసుకుపోయి నిలబడ్డ మరిడమ్మ ఫొటో. కాలవ గట్టు మీద సంఘం రేకుబోర్డు మీద నా పేరుని నీలిరంగుతో రాయించారు. దారిన పోయేవాళ్లు ఆ ఇంగ్లీషు అక్షరాలు చూసి, ఈ ఊళ్లో ఏదో పెద్ద వ్యవహారమే నడుస్తోంది అనుకునేవారు. అనుమానానికి విత్తనం అక్కడే పడిందేమో.

నాలాంటి పేర్లకి ఏడాదికోసారి గడువు తీరుతుంది. గుర్తుచేసే ఉత్తరాలు మస్తాన్ ఈమెయిలుకి వెళ్లేవి. మస్తాన్ అప్పటికి నెట్ సెంటర్ ఎత్తేసి, బస్టాండు ఎదురుగా ఫోన్ కవర్ల కొట్టు పెట్టుకున్నాడు. ఆ ఈమెయిలు తాళం ఏమిటో అతనికే గుర్తులేదు. ఉత్తరాలు వెళ్తూనే ఉన్నాయి, ఎవరూ విప్పలేదు. ఒకరోజు తెల్లవారి చూసుకుంటే నా మీద చాపల్లేవు, మరిడమ్మ లేదు. సంఘానికి ఆ సంగతే తెలియదు. బోర్డు మీద నా పేరు మాత్రం నీలంగా మెరుస్తూనే ఉంది.

పొలం బీడు పడితే పక్కవాడు గట్టు జరుపుతాడు. పేరు బీడు పడితే దాన్ని ఎత్తుకుపోయే దళారులు వేరే ఉన్నారు. ఒకడెవడో నన్ను కొన్నాడు. ఏ దేశంవాడో తెలియదు. వాడి దగ్గర నాలాంటి పేర్లు వేలు. ఎప్పటికో ఒకప్పటికి ఈ పేరు కావలసినవాడు వెతుక్కుంటూ రాకపోతాడా అని వాడి ఆశ. అందాకా ఖాళీగా ఉంచడం దేనికని నా మీద ఒక పేజీ నిలబెట్టాడు. చేలో దిష్టిబొమ్మ లాంటిది. చొక్కా ఉంటుంది, టోపీ ఉంటుంది, లోపల మనిషి ఉండడు. కాకులు మోసపోవాలనే పెడతారు దాన్ని. పేపర్లు కూడా మోసపోతాయని పెట్టినవాడు అనుకుని ఉండడు.

ఆ పేజీలో పైన చిన్న అక్షరాలతో ‘ఈ పేరు అమ్మకానికి కలదు’ అని ఉంటుంది. దాన్ని ఎవరూ చదవరు. కింద పెద్ద అక్షరాలతో నాలుగైదు ప్రకటనలుంటాయి. అందరూ చదివేది వాటినే. ఆ ప్రకటనలు అందరికీ ఒక్కలా ఉండవు. మొహం చూసి బొట్టు పెట్టడం అంటారే, అదీ నా పని. వచ్చినవాడు ఈ మధ్య తన ఫోనుని ఏమేం అడిగాడో పసిగట్టి, దానికి తగ్గ సరుకే ముందు పెడతాను. సోది చెప్పే ఆవిడ పక్కింట్లో కూపీ లాగి వచ్చి, ‘నీ మనసులో ఒక దిగులుందమ్మా’ అంటుంది చూడండి, అలాగన్నమాట. అప్పుడప్పుడు గురి తప్పుతుంది గానీ, ఎక్కువగా తప్పదు.

ఇలా ఉండగా ఒక మధ్యాహ్నం నూకరాజు వచ్చాడు. నూకరాజు ఆ మండలానికి ఒక దినపత్రిక విలేకరి. నాలుగింటికల్లా ఏదో ఒక వార్త పంపకపోతే జిల్లా ఆఫీసు నుంచి ఫోనొస్తుంది. ఆ రోజు మండలంలో ఏమీ జరగలేదు. కాలవ గట్టు మీద టీ తాగుతూ రేకుబోర్డు చూశాడు. ఉన్నచోటే కూర్చుని నా పేరు కొట్టాడు. నేను అతని ఫోనుని వాసన చూసి, వడ్డించాల్సింది వడ్డించాను. ‘హామీ లేకుండా అరగంటలో అప్పు’, ‘ఆధార్ ఉంటే చాలు’, ‘ఊడిన జుట్టు మొలిపించే నూనె’.

నూకరాజు కళ్లు పెద్దవయ్యాయి. ఆ జుట్టు నూనె తనకోసమే వచ్చిందని అతనికి తట్టలేదు. మరిడమ్మ ఇల్లు అక్కడికి కూతవేటు. వెళ్లి అడగొచ్చు. అడిగితే వార్త పోతుందని భయమో, టీ చల్లారుతుందని బద్ధకమో, అడగలేదు. నా పేజీని ఫొటో తీసుకుని పంపేశాడు.

మర్నాడు జిల్లా పేజీలో ‘తుంగచాపల కింద నీరు!’ అని నాలుగు కాలమ్‌ల వార్త. మహిళా సంఘం ముసుగులో ఆన్‌లైన్ అప్పుల దందా సాగుతోందని విశ్వసనీయ సమాచారం, అని రాశారు. ఆ విశ్వసనీయ సమాచారం నేనే. ఆ మర్నాడు ఇంకో పత్రిక అదే వార్తని ఎత్తి రాసి, నలభై రెండు మంది బాధితులని చేర్చింది. సంఘంలో సభ్యులే నలభై రెండు మంది. రాసినవాళ్లు ఎవరూ ఊరికి రాలేదు, నన్ను కూడా రెండోసారి తెరవలేదు.

ఈ వార్త దెబ్బకి మునిగేది ఏమిటంటే మడుగు. ఏటా కార్తీకం ముందు గ్రామసభ కూర్చుని, ఆ మడుగులో తుంగ కోసుకునే హక్కుని చాపల సంఘానికి తీర్మానం రాసి ఇస్తుంది. అది లేకపోతే మడుగులో దిగనివ్వరు. కార్తీకం దాటితే తుంగ ముదిరిపోతుంది, చీల్చబోతే విరుగుతుంది. ఒక్క ఏడు కోత తప్పితే నలభై రెండు మగ్గాలు అటకెక్కాల్సిందే. గ్రామసభ ఎనిమిది రోజుల్లో ఉంది. సర్పంచి తాతాజీగారు, ఊళ్లో అందరూ ప్రెసిడెంటుగారు అంటారు, పేపరు మడత చంకలో పెట్టుకుని, “ఇలాంటి సంఘానికి ఊరి మడుగు ఎలా ఇస్తామయ్యా?” అని కనిపించినవాడినల్లా అడగడం మొదలెట్టారు.

మరిడమ్మ ముందు అనుమానించింది మస్తాన్‌నే. ఆ పేపరు ముక్క పట్టుకుని బస్సెక్కి ఫోన్ కవర్ల కొట్టుకి వెళ్లింది.

“ఏం బాబూ, మా పేరు చెప్పి అప్పులిస్తున్నావా?”

మస్తాన్ నన్ను తన ఫోనులో తెరిచాడు. టోకున ఫోన్ కవర్లు, పగలని అద్దాలు కనిపించాయి. అతని మొహం మాడిపోయింది. “అయ్యో పిన్నిగారూ, గడువు దాటించేశానండి. తప్పు నాదేనండి. ఇప్పుడిది మనది కాదు, ఎవడో కొనేశాడు. ఇందులో ఏ కంపెనీ లేదండి. చూసేవాళ్లు ఫోనులో ఏది వెతికారో అదే చూపిస్తుందండి ఇది.”

“అంటే?”

“అద్దమనుకోండి.”

మరిడమ్మ ఆ మాటా నమ్మలేదు. తప్పు చేసినవాడు చెప్పే వేదాంతం ఎవరు నమ్ముతారు? ఇంటికొచ్చి తన ఫోనులో నన్ను తెరిచింది. జనపనార పురి, తుంగ చీల్చే మిషను. కాసేపు ఆలోచించి, గోడ మీంచి కేకేసింది.

“బుల్లెమ్మా, ఓసారి నీ ఫోనియ్యవే. నాదాన్లో సరిగ్గా కనపడట్లేదు.”

“అప్పులోళ్లదేనా వదినా? చూడు చూడు, నాకూ చూపించు!” అంటూ బుల్లెమ్మ ఉత్సాహంగా ఫోను అందించింది. బుల్లెమ్మకి చదవడం, రాయడం రాదు, ఫోనుతో మాట్లాడి వెతుక్కుంటుంది. ఆమె ఏం మాట్లాడిందో నాకు తెలుసు గనక చూపించాను: మోకాళ్ల పట్టీలు, దాని కింద ‘ఇరుగుపొరుగు సరిహద్దు గోడ తగాదాలకు అనుభవంగల వకీలు’.

మరిడమ్మ ఆ వాక్యాన్ని వేలితో తడుముతూ చదివింది. తామిద్దరి మధ్య ఉన్న గోడని ఓసారి చూసింది. మళ్లీ ఫోనుని చూసింది.

“ఏం రాశారొదినా?”

“మోకాళ్ల పట్టీలటే” అని ఫోను తిరిగి ఇచ్చేసింది. మస్తాన్ అబద్ధం చెప్పలేదని అప్పుడు నమ్మింది. గోడ సంగతి మాత్రం కడుపులోనే దాచుకుంది.

గ్రామసభ ఎలిమెంటరీ స్కూలు వరండాలో జరిగింది. నూకరాజు ముందు బెంచీలో కలం పట్టుకుని కూర్చున్నాడు. ఆడవాళ్లు నలభై రెండు మందీ మెట్ల మీద కూర్చున్నారు. మాలో అప్పులోళ్లెవరూ లేరని మరిడమ్మ రెండు ముక్కల్లో చెప్పింది. ప్రెసిడెంటుగారు చెయ్యెత్తి ఆపారు.

“నోటిమాటలొద్దు మరిడమ్మా. రుజువు మా చేతిలో ఉంది. ఇదిగో నా ఫోను. అమ్మాయ్, ఆ పేపర్లో అడ్రసుందిగా, అది కొట్టి గట్టిగా చదువు. మినిట్స్‌లో కూడా రాసేయ్.”

ఆయన అప్పటిదాకా నన్ను చూడలేదు. పేపర్లో పడ్డాక ఇంకా చూసేదేముందని ఆయన ధీమా. ఫోను అందుకున్నది పంచాయతీ కార్యదర్శి. ఊరికి కొత్తగా వచ్చిన అమ్మాయి, చేతికి ఏ కాగితమిస్తే దాన్ని అక్షరం పొల్లుపోకుండా చదివే రకం. నా పేరు కొట్టింది. ప్రెసిడెంటుగారి ఫోనులోకి తొంగిచూశాను. ఎంత సరుకుంది అందులో!

“‘ఈ పేరు అమ్మకానికి కలదు.’ ‘మేలురకం రొయ్యపిల్లలు, నేరుగా మీ చెరువు గట్టుకే.’ ‘మడుగులను చేపల చెరువులుగా తవ్వడానికి పొక్లెయిన్లు అద్దెకివ్వబడును.’ ‘పంచాయతీ చెరువుల లీజు, నమూనా దరఖాస్తు.’”

“చూశారా!” అన్నారు ప్రెసిడెంటుగారు. “అప్పులు చాలక రొయ్యల వ్యాపారం కూడానా!”

నూకరాజు తల గోక్కున్నాడు. “నేను చూసినరోజు రొయ్యల్లేవండి. అప్పులేనండి.” తన ఫోనులో మళ్లీ తెరిచి చూపించాడు. “ఇదిగోండి, ఇప్పుడూ అప్పులే.”

వెనకనుంచి ఎవరో తొంగిచూసి, “జుట్టు నూనె కూడా ఉంది కదరా నూకరాజూ!” అన్నారు. అందరూ గొల్లుమన్నారు.

మరిడమ్మ లేచి నిలబడింది. “నవ్వడం కాదు. మీ ఫోన్లలో కూడా తెరవండి బాబూ. ఎవరికి ఏం కనిపిస్తే అది పైకి చదవండి.” పదిహేను ఫోన్లలో ఒక్కసారిగా తెరుచుకున్నాను. నా జన్మలో అంత గిరాకీ ఎన్నడూ లేదు. ఒకాయన సెకండ్‌హ్యాండ్ ట్రాక్టర్లని చదివాడు. ఒకావిడ కుట్టుమిషన్లంది. మరొకాయన చదవబోయి, ఫోను గబుక్కున జేబులో పెట్టేసుకుని, సిగ్నల్ రావట్లేదన్నాడు. ఆ తర్వాత ఇంకో ముగ్గురికి సిగ్నల్ పోయింది. బుల్లెమ్మ ఫోను చీరకొంగులో చుట్టేసింది.

నెమ్మదిగా చూపులన్నీ కార్యదర్శి చేతిలో ఉన్న ఫోను మీదకి తిరిగాయి. ప్రెసిడెంటుగారు దాన్ని లాక్కుని, గొంతు పెంచారు. “ఈ తమాషాలన్నీ నాకనవసరం! ఆ పేజీ మీది కాదంటావు. సరే. మరి ఎవరిది? ఎవరిదో తేల్చి చెప్పు, అప్పుడు మాట్లాడదాం మడుగు సంగతి!”

ఇది జరిగి రెండు కార్తీకాలు వెళ్లాయి. రేకుబోర్డు మీద నా పేరుకి సున్నం కొట్టించి, అక్కడ మరిడమ్మ తన ఫోన్ నంబరు రాయించింది. పత్రికలో సినిమా టైముల కింద రెండు లైన్ల సవరణ పడింది, దాన్ని కిరాణా కొట్లో ఎవరూ చదవలేదు. నూకరాజు ఇప్పుడు టీ తాగేచోట బోర్డులు చదవడం మానేశాడని విన్నాను. మడుగులో తుంగ తుంగలాగే ఉంది, సంఘమే కోసుకుంటోంది, పొక్లెయిన్ దిగలేదు.

నేను మాత్రం ఇంకా అమ్మకానికే ఉన్నాను. ఇది చదివి నన్ను వెతుకుతారని నాకు తెలుసు. వెతకండి. ఏం కనపడిందో మాత్రం పక్కవాళ్లకి చూపించే ముందు ఒకటికి రెండుసార్లు ఆలోచించుకోండి. ఆ రోజు వరండాలో పదిహేను ఫోన్ల కిటికీల్లోంచి ఒకే గొంతు విన్నాను. మరిడమ్మ చెంగు బిగించి, ప్రెసిడెంటుగారి మొహంలోకి చూసి అన్న మాట ఇది.

“పేజీ ఎవరిదో నాకు తెలీదండి ప్రెసిడెంటుగారూ. అందులో రొయ్యపిల్లలు మాత్రం మీవేనండి.”